గవర్నరు పేరు చెరిగింది, నీళ్ళు పోసినవాడి పేరు నిలిచింది

పాకిస్థాన్‌లోని పశ్చిమ పంజాబులో పక్కపక్కనే రెండు జిల్లాలున్నాయి. ఒకటి ఫైసలాబాద్, రెండవది టోబా టేక్‌సింగ్. ఒకప్పుడు ఈ రెండూ కలిసి ఒకే జిల్లా. దానికి ఆంగ్ల ప్రభుత్వం పెట్టిన పేరు లయల్‌పూర్. 1887 నుంచి 1892 వరకు పంజాబు లెఫ్టినెంట్ గవర్నరుగా వ్యవహరించిన సర్ జేమ్స్ బ్రాడ్‌వుడ్ లయల్ గౌరవార్థం పెట్టిన పేరు అది. 1977లో పాకిస్థాన్ ప్రభుత్వం దానిని తొలగించి, అంతకు రెండేళ్ళ ముందు హత్యకు గురైన సౌదీ అరేబియా రాజు ఫైసల్ పేరు పెట్టింది. 1982లో అదే జిల్లాలో కొంత భాగాన్ని విడదీసి కొత్త జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు మాత్రం, అక్కడి పట్టణానికి ఉన్న టేక్‌సింగ్ అనే సిక్కు పేరును యథాతథంగా జిల్లాకూ ఉంచింది.

ఎవరీ టేక్‌సింగ్? రాజు కాదు, సేనాని కాదు, జమీందారు అంతకన్నా కాదు. ఆయనను గురించి ఉన్నదంతా జనశ్రుతే. మండుటెండలో ఆ బీడు భూముల మీదుగా నడిచివెళ్ళే బాటసారులకు ఒక కుంట గట్టున కూర్చుని నీళ్ళు పోసేవాడని, అలసినవారికి నిలువ నీడ ఇచ్చేవాడని చెబుతారు. పంజాబీలో 'టోబా' అంటే కుంట. టేక్‌సింగ్ కుంట అన్నమాట. అదే ఊరి పేరయింది, ఆపైన తాలూకా పేరయింది, చివరకు జిల్లా పేరయింది. 1947లో దేశ విభజన జరిగి అక్కడి సిక్కులు దాదాపు అందరూ సరిహద్దు దాటి తూర్పు పంజాబుకు వచ్చేశారు. వారి పేరు గల కుంట మాత్రం అక్కడే ఉండిపోయింది. ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో ఈ ఊరి పేరునే శీర్షికగా చేసుకుని విభజన విషాదం గురించి రాసిన కథ 1955లో వెలువడింది. మతిస్థిమితం కోల్పోయిన ఒక సిక్కు వృద్ధుడు తన ఊరు ఇప్పుడు ఏ దేశంలో ఉందని కనబడ్డ ప్రతివారినీ అడుగుతూ ఉంటాడు, ఆ కథలో.

గవర్నరుగారికి దక్కని చిరాయువు నీళ్ళు పోసినవాడికి దక్కడం కేవలం యాదృచ్ఛికమని కొట్టివేయడానికి లేదు. దక్షిణాసియా పటాన్ని ముందు పెట్టుకుని చూస్తే, ఏలికలు దూరాన కూర్చుని అంటించిన పేర్లు ఒకటొకటిగా రాలిపోగా, ఆ నేల మీద బతికి, అక్కడివారితో కష్టసుఖాలు పంచుకున్నవారి పేర్లు పలుచోట్ల మిగిలి ఉండడం కనిపిస్తుంది. మినహాయింపులు లేకపోలేదు. వాటి సంగతి తరువాత.

అంకెలే పేర్లయిన పల్లెలు

లయల్‌పూర్ కథలో మరో విశేషం ఉంది. 1892లో దిగువ చీనాబు కాలువకు నీరు వదిలాక, 'సాందల్ బార్' అనే తుప్పల అడవిని కొట్టి అక్కడ వేలాది రైతు కుటుంబాలకు ఎకరాలకు ఎకరాలు పంచిపెట్టారు. అలా వెలసిన పల్లెలకు పేర్లు పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. అంకెలు వేసి ఊరుకున్నారు. సర్దార్ భగత్‌సింగ్ 1907లో జన్మించినది ఇలాంటి అంకెల ఊరిలోనే. రెవెన్యూ కాగితాల్లో అది చక్ నంబరు 105 జి.బి. ఆ చివరి రెండక్షరాలు గూగెరా శాఖా కాలువను సూచిస్తాయి. జనం మాత్రం దానిని బంగా అనే పిలుచుకున్నారు.

అంకెల పల్లెలకు నడుమ నిర్మించిన లయల్‌పూర్ పట్టణ రూపం కూడా విచిత్రమే. మధ్యన గడియార స్తంభం, దాని నుంచి ఎనిమిది దిక్కులకూ ఎనిమిది బజార్లు. పై నుంచి చూస్తే బ్రిటిష్ జెండా మీది గీతలను తలపించేలా ఆ వీధులు వేశారు. ఊరి పేరు మార్చగలిగారు గాని వీధులను మార్చడం ఎవరి తరమవుతుంది! ఎనిమిది బజార్లూ నేటికీ జనసమ్మర్దంతో కిటకిటలాడుతూనే ఉన్నాయి. లయల్ పేరు పూర్తిగా నశించిందనడానికీ వీలులేదు. 1908లో అక్కడ స్థాపించిన ఖాల్సా కళాశాల విభజన తరువాత కాందిశీకులతో పాటే జలంధర్‌కు తరలివచ్చింది. భారత పంజాబులో అది ఇప్పటికీ 'లయల్‌పూర్ ఖాల్సా కళాశాల'గానే నడుస్తోంది. పాకిస్థాన్ వదులుకున్న పేరును అక్కడి నుంచి కట్టుబట్టలతో వచ్చినవారు తమ వెంట తెచ్చుకున్నారు.

ఇదే ప్రాంతంలో గంగాపూర్ అనే గ్రామం ఉంది. లాహోరులో ఎన్నో భవనాలు నిర్మించిన ఇంజనీరు సర్ గంగారామ్ మెట్ట భూములకు నీరెక్కించి సాగులోకి తెచ్చిన ఊరది. రైల్వే స్టేషను నుంచి ఊరివరకు పట్టాలు వేయించి, వాటి మీద గుర్రం లాగే బండిని నడిపించిన ఘనుడాయన. 1927లో మరణించాడు. గంగాపూర్ పేరును ఎవరూ మార్చలేదు.

గవర్నర్ల పేర్ల విషయంలో అలా జరగలేదు. 1865లో రైలు మార్గం పక్కన కట్టిన పట్టణానికి అప్పటి లెఫ్టినెంట్ గవర్నరు సర్ రాబర్ట్ మాంట్‌గోమరీ పేరు పెట్టారు. రెండవ ప్రపంచయుద్ధంలో వాసికెక్కిన ఫీల్డ్ మార్షల్ మాంట్‌గోమరీకి ఆయన తాతగారు. 1966లో ఆ ఊరు సాహివాల్ అయింది. అక్కడి సాహీ తెగను బట్టి వచ్చిన పేరిది. మన పాడి రైతులకు సాహివాల్ ఆవులు సుపరిచితమే; ఆ జాతి పుట్టిల్లు ఈ ఊరే. సేనాధిపతి కోలిన్ క్యాంప్‌బెల్ పేరిట ఉన్న క్యాంప్‌బెల్‌పూర్ 1978లో అటక్ అయింది. బలూచిస్థాన్‌లోని ఫోర్ట్ శాండెమన్ అంతకు రెండేళ్ళ ముందే జోబ్ అయింది.

ఎండల ఊరిలో ఒక సమాధి

ఇన్ని పేర్లు మార్చిన పాకిస్థాన్ రెండు ఆంగ్ల పేర్ల జోలికి మాత్రం పోలేదు. అవి జాకబాబాద్, అబ్బాటాబాద్. రెండూ నేటికీ జిల్లాల పేర్లే.

ఉత్తర సింధులో 1847 నాటికి ఖాన్‌గఢ్ అనే చిన్న ఊరు తప్ప ఏమీ ఉండేది కాదు. చుట్టూ ఇసుక. కొండల నుంచి బలూచీ తెగల వారు గుర్రాల మీద వచ్చి పంటలను, పశువులను దోచుకుపోయేవారు. ఆ సరిహద్దు కావలికి వచ్చిన సైనికాధికారి జాన్ జాకబ్. ఇంగ్లండులోని సోమర్సెట్ సీమకు చెందినవాడు. 1828లో పదహారేళ్ళ వయసులో ఓడ ఎక్కి వచ్చినవాడు మళ్ళీ స్వదేశం మొహం చూడలేదు. మాట నత్తి. యంత్రాలంటే అమితమైన ఆసక్తి. స్వయంగా ఒక గడియారాన్ని తయారుచేశాడు, రెండు గొట్టాల తుపాకిని రూపొందించాడు. దోపిడీలను అణచడానికి గుర్రపు దళాలను నడిపిన ఇతడే ఆ తరువాత కాలువలు తవ్వించి, బాటలు వేయించి, దోచుకోవడానికి వచ్చినవారిలో పలువురిచేత నాగలి పట్టించాడు. 1858 డిసెంబరులో అక్కడే కన్నుమూశాడు. అతని సమాధి ఆ ఊరిలోనే ఉంది.

ఇతడు విదేశీ పాలన సేవకుడన్న మాట కాదనలేనిది. సింధును కంపెనీ ఆక్రమించుకున్న యుద్ధంలో జాకబ్ కత్తి కూడా ఉంది. అయితే కాలువలో నీరు పారిన చోట రైతు లెక్క వేరుగా ఉంటుంది. ప్రపంచంలోనే అత్యంత తీవ్రమైన ఎండలు కాసే ఊళ్ళలో జాకబాబాద్ ఒకటి. 2022 మే నెలలో అక్కడ ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటింది. అటువంటి చోట నీరు తెచ్చినవాడి పేరు తుడిచివేయాలన్న ఆలోచన అంత తేలికగా రాకపోవడంలో ఆశ్చర్యమేముంది?

అబ్బాటాబాద్‌ది మరో తీరు. 1849లో హజారా ప్రాంతానికి మొదటి డిప్యూటీ కమిషనరుగా నియమితుడైన జేమ్స్ అబ్బాట్, అంతకు ముందే సిక్కు యుద్ధంలో అక్కడి కొండజాతుల వారి మధ్య మెలగినవాడు. జనం 'కాకా అబ్బాట్' అని పిలిచేవారట. పై అధికారులతో పొసగక 1853లో బదిలీ అయినప్పుడు, వెళ్ళేముందు ఊరూరా జనాన్ని పిలిచి మూడు రోజుల పాటు విందు చేశాడని, చేతిలో ఉన్నదంతా దానికే ఖర్చుపెట్టి ఒక నెల జీతంతో బయలుదేరాడని ఆనాటి కథనాలు చెబుతున్నాయి. ఆ ఏడాదే వెలసిన కొత్త జిల్లా కేంద్రానికి అతని పేరు పెట్టారు. ఊరిని విడుస్తూ అబ్బాట్ రాసిన పద్యాన్ని ఆంగ్ల విమర్శకులు బహు నాసిరకమని తీసిపారేస్తారు. ఊరివారు మాత్రం దానిని పలక మీద చెక్కించి పెట్టుకున్నారు. 2011 మే 2న ఒసామా బిన్ లాడెన్‌ను అమెరికా కమెండోలు హతమార్చడంతో ఈ ఊరి పేరు లోకమంతటా మారుమోగింది. అబ్బాట్ ఎవరో మాత్రం ఆనాడు అడిగినవారు తక్కువ.

అబ్బాటాబాద్ వెలసేదాకా హజారాకు కేంద్రంగా ఉన్న పట్టణం హరిపూర్. మహారాజా రంజిత్‌సింగ్ సేనాని హరిసింగ్ నల్వా నిర్మించినది. నల్వా పేరు చెబితే ఆ కొండల్లో ఒకప్పుడు పిల్లలు ఏడుపు ఆపేవారని చెప్పుకునేవారు. అంతటి భయాన్ని మిగిల్చినవాడి పేరు కూడా అక్కడ పోలేదు. 1991లో అబ్బాటాబాద్ నుంచి విడదీసి హరిపూర్‌ను ప్రత్యేక జిల్లా చేసినప్పుడు పాకిస్థాన్ ఆ పేరునే కొనసాగించింది. కాబట్టి మంచివారి పేర్లే నిలుస్తాయని సిద్ధాంతం చేయబూనితే హరిపూర్ దగ్గర అది తప్పిపోతుంది. అలవాటుకు కూడా ఒక బలం ఉంది.

శరణార్థుల కోసం వెలసిన బజారు

ఈ పేర్లన్నిటిలో నేటి రోజుల్లో ఎక్కువగా వినబడేది బంగ్లాదేశ్ ఆగ్నేయపు కొసన ఉన్న కాక్స్‌బజార్. దాదాపు 120 కిలోమీటర్ల పొడవున సాగే సముద్రతీరం వల్ల ఇది విహారయాత్రికులకు తెలిసిన ఊరు. 2017 ఆగస్టు నుంచి కొద్ది నెలల్లోనే మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు నాఫ్ నదిని దాటి ఈ జిల్లాలోకి వచ్చారు. అంతకు ముందు 1978లో సుమారు రెండు లక్షల మంది, 1991-92లో రెండున్నర లక్షల మంది ఇలాగే వచ్చారు. వారిలో చాలామందిని తిరిగి పంపించారు. కుతుపలాంగ్ వద్ద వెదురు, టార్పాలిన్లతో కట్టిన గుడిసెల వాడ ప్రపంచంలోని అతిపెద్ద శరణార్థి శిబిరాల్లో ఒకటి.

ఈ ఊరు పుట్టడానికే కారణం శరణార్థులన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. 1784-85లో బర్మా రాజు బోధపాయ అరకాన్ రాజ్యాన్ని జయించాడు. వెట్టిచాకిరీ, పన్నుల బాధలు భరించలేక అరకానీయులు వేల సంఖ్యలో నాఫ్ నది దాటి ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని చిట్టగాంగ్ జిల్లాకు చేరుకున్నారు. వారు నేటి రోహింగ్యాలు కారు. అధికభాగం బౌద్ధులైన రఖైన్లు. పారిపోయి వచ్చిన దారి మాత్రం ఒక్కటే. అప్పుడు కూడా బర్మా ప్రభుత్వం తమవారిని తమకు అప్పగించమని ఒత్తిడి చేసింది. కంపెనీ ప్రభుత్వం ఎటూ తేల్చుకోలేక తటపటాయించింది.

చివరకు ఆ పనికి నియమితుడైనవాడు కెప్టెన్ హైరమ్ కాక్స్. 1796 నుంచి 1798 వరకు బర్మాలో కంపెనీ ప్రతినిధిగా ఉండి, రాజదర్బారులో చులకనకు గురై తిరిగివచ్చిన అధికారి. బర్మా సంగతులు తెలిసినవాడు గనుక పాలంకీ అనే చోట శరణార్థులకు పునరావాసం కల్పించే బాధ్యత అతనికి అప్పగించారు. కుటుంబానికి ఇంత అని భూమి పంచి, తొలి పంట చేతికొచ్చేదాకా ఆరు నెలలకు సరిపడా తిండి గింజలిచ్చే ఏర్పాటు చేశాడు. నేడు అంతర్జాతీయ సంస్థలు కలిసి చేసే పని, ఆనాడు ఒక కెప్టెన్, కొందరు గుమాస్తాల నెత్తిన పడింది. అడవీ, వానలూ, జ్వరాలూ గల చోటు అది. పని పూర్తికాకుండానే 1799లో కాక్స్ జబ్బుపడి మరణించాడు. అప్పటికి నలభై ఏళ్ళు నిండలేదు. అక్కడ వెలసిన అంగడిని జనం 'కాక్స్ సాహెబ్ బజారు' అన్నారు. అదే కాక్స్‌బజార్. 1854లో సబ్ డివిజన్‌గా, 1984లో జిల్లాగా ఎదిగింది.

ఆ మనిషికి చదరంగం పిచ్చి కూడా ఉండేది. బర్మాలో ఆడే చదరంగాన్ని పరిశీలించి, నలుగురు ఆడే ఆటే అసలైన తొలి చదరంగమని ఒక వ్యాసం రాశాడు. కలకత్తా ఆసియాటిక్ సొసైటీ దానిని అతను మరణించాక 1801లో ప్రచురించింది. తరువాతి పండితులు ఆ వాదాన్ని అంగీకరించలేదు గాని, చదరంగ చరిత్ర గ్రంథాల్లో కాక్స్ పేరు ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది.

పాకిస్థాన్ ఏలుబడిలో పాతికేళ్ళు, స్వతంత్ర బంగ్లాదేశ్‌లో యాభై ఏళ్ళకు పైగా గడిచినా ఈ పేరు చెక్కుచెదరలేదు. 2023 నవంబరులో చిట్టగాంగ్ వైపు నుంచి కొత్త రైలు మార్గం ప్రారంభమై, రైలు టిక్కెట్ల మీదికి కూడా ఎక్కింది.

మన దేశంలో

మన దేశంలో ఈ మార్పులు వేరు దారిన సాగాయి. జార్ఖండ్‌లోని పలాము జిల్లా కేంద్రం డాల్టన్‌గంజ్. ఛోటానాగ్‌పూర్ కమిషనరుగా పనిచేసి, 1872లో బెంగాలు ప్రాంతపు జాతులను గురించి బృహద్గ్రంథం వెలువరించిన కర్నల్ ఎడ్వర్డ్ టైట్ డాల్టన్ పేరు అది. ఇప్పుడు అధికారికంగా ఆ ఊరు మేదినీనగర్. పదిహేడవ శతాబ్దపు చేరో రాజు మేదినీరాయ్ పేరిట మార్చారు. ఆయన ఏలుబడిలో ఇంటింటా చల్ల కవ్వాల చప్పుడు వినిపించేదని అక్కడి జానపదులు నేటికీ చెప్పుకుంటారు. ఆ నేల మీద డాల్టన్ కన్నా మేదినీరాయ్‌కి ఎక్కువ హక్కు ఉందంటే కాదనేవారు ఉండరు. అయినా రైలు ప్రయాణికులు, దుకాణదారులు డాల్టన్‌గంజ్ అనడం మానలేదు.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న గంజాం జిల్లాలో రస్సెల్‌కొండ అనే ఊరుండేది. 1830లలో ఘుంసర్ తిరుగుబాటును అణచిన జార్జి రస్సెల్ పేరిట వెలసింది. ఇప్పుడది ఒడియా కవి ఉపేంద్ర భంజ పేరిట భంజనగర్. అణచినవాడి స్థానంలో కవి వచ్చాడు.

1789లో అండమాన్ దీవుల్లో నివాసానికి అనువైన రేవును గుర్తించిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పేరిట ఉన్న పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీ విజయపురంగా మార్చింది. ఆ రేవుతో తెలుగువారికీ సంబంధం ఉంది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అక్కడ శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈనాడు ఆ దీవుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. కొత్త పేరు వారి నోట ఎప్పటికి స్థిరపడుతుందో కాలమే చెప్పాలి.

తెలుగునాట జిల్లాలకు వ్యక్తుల పేర్లు పెట్టడం ఇటీవలి సంప్రదాయమే. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం పంతులు పేరు పెట్టారు. జనం సులువుగా అలవాటు పడ్డారు. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లా విషయంలోనూ అంతే. పాత పేరుకు ముందు కొత్త పేరు చేర్చిన చోట మాత్రం ఫలితం వేరుగా ఉంది. 2008లో పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని మార్చినా, బస్సు కండక్టరు నుంచి కలెక్టరు కచేరీ బంట్రోతు వరకు వాడుకలో నెల్లూరనే అంటారు. పేర్ల వ్యవహారం ఎంత సున్నితమైనదో 2022 మే నెలలో అమలాపురంలో కనిపించింది. కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చే ప్రతిపాదనపై చెలరేగిన అల్లర్లలో ప్రజాప్రతినిధుల ఇళ్ళే తగలబడ్డాయి. ఆ పేరు తరువాత ఖాయమైంది.

ఎవరూ ఉత్తర్వు ఇవ్వకుండానే నిలిచిన పేరు ఒకటి హైదరాబాదులో ఉంది. ఫ్రాన్సు నుంచి పుదుచ్చేరికి, అక్కడి నుంచి నిజాం కొలువుకు వచ్చిన సేనాని రేమండ్, సుమారు పద్నాలుగు వేలమంది సిపాయిలను తీర్చిదిద్దాడు. ఫిరంగుల కర్మాగారం నెలకొల్పాడు. గన్‌ఫౌండ్రీ పేటకు ఆ పేరు అందువల్లనే. 1798 మార్చి 25న మరణించాడు. అదే ఏడాది అక్టోబరులో ఆంగ్లేయులు అతని సేనను నిరాయుధం చేసి రద్దుచేశారు. అయినా మలక్‌పేట సమీపాన గుట్ట మీది అతని సమాధి వద్దకు జనం ఏటేటా వెళ్ళేవారు. ఫ్రెంచివారు మర్యాదగా 'మొస్యూ' అనే మాట జనం నోట 'మూసా' అయింది. రేమండ్ హిందువులకు మూసారామ్, ముస్లిములకు మూసా రహీమ్ అయ్యాడు. అతని తోట మూసారాంబాగ్. ఇప్పుడు అక్కడ అదే పేరుతో మెట్రో రైల్వే స్టేషను ఉంది.